ఆవు ఏం తింటుందని ఎవరూ అడగలేదు

మా అత్తగారు మొహం తెలియని ఆవు పాలు తాగరు. ఇది ఆవిడ పెట్టుకున్న నియమం కాదు. ఆవిడ ఉద్దేశంలో లోకమంతా పాటించాల్సిన మామూలు మర్యాద. ఎవరో ఏమిటో తెలియని వాళ్లింట్లో అన్నం తింటామా, ఇదీ అంతే అంటారు. గోదావరి పక్క ఊళ్లో ఉన్నంతకాలం ఆ మర్యాదకు లోటు రాలేదు. ఇంట్లో పాడి పోయిన తర్వాత కూడా పాలు పోసేవాళ్ల దొడ్లోకి వెళ్లి ఆవును పలకరించి వచ్చేవారు. మామగారు పోయి, ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, మస్కట్ తీసుకొచ్చి వాదీ కబీర్ అనే పేటలో మా ఫ్లాట్‌లో పెట్టుకున్నాం. వీసా చూసుకున్నాం, ఇన్సూరెన్స్ చూసుకున్నాం, బాత్రూంలో పట్టుకోడానికి గోడకు కడ్డీ కూడా బిగించాం. ఆవు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనంలో చివర పెరుగు వడ్డించాను. ఆవిడ గరిటె వైపు చూశారు.

"ఏవిటే అమ్మాయ్ ఇది?"

"పెరుగండీ అత్తయ్యగారూ."

"ఎవరి పాలు?"

కంపెనీ పేరు చెప్పాను.

"కంపెనీ కాదే, ఆవు."

డబ్బా మీద కొవ్వు ఎంతో రాసి ఉంది, ఎప్పటిలోగా తినాలో రాసి ఉంది, ఆవు గురించి ఏమీ రాయలేదు. అదే చెప్పాను. ఆవిడ చారన్నంతో ఆపి చెయ్యి కడిగేసుకున్నారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. ప్రయాణపు అలసట, రెండు రోజుల్లో దారికొస్తారు అనుకున్నాను. మా వైపు మజ్జిగ లేకుండా భోజనం పూర్తయినట్టు కాదు కనుక, ఆకలి అనేది ఏ నియమాన్నయినా లొంగదీస్తుందని నా నమ్మకం. నేను స్కూల్లో సోషల్ చెబుతాను. చరిత్రలో అలాగే జరిగింది.

అత్తగారి విషయంలో చరిత్ర పని చెయ్యలేదు. ఆవిడ అలిగి మానేసి ఉంటే బతిమాలొచ్చు, కోపంతో మానేసి ఉంటే నేనూ కోప్పడొచ్చు. ఆవిడ ఎంతో మర్యాదగా మానేశారు. "నాకు చాలమ్మా, కడుపు నిండిపోయింది" అనేవారు. ముద్దలు తగ్గుతూ వచ్చాయి. కాఫీ పాలు లేకుండా తాగడం మొదలుపెట్టి, అది కషాయంలా ఉందని అదీ మానేశారు. నెల తిరిగేసరికి జాకెట్లు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒక పొద్దున వంటింటి గుమ్మంలో కళ్లు తిరిగి కూలబడిపోయారు. మా ఆయన, నేను చెరో భుజం పట్టుకుని లేపితే, ఇద్దరం అక్కర్లేదనిపించింది. అప్పుడు నాకు భయం వేసింది.

బౌషర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, ఒంట్లో మాంసకృత్తులు బొత్తిగా లేవు, ఈ వయసులో ఇలా అయితే మంచం పడతారు, పాలు పెరుగు బాగా ఇవ్వండి, వీలైతే గుడ్డు పెట్టండి అంది. గుడ్డు అన్న మాట అత్తగారికి వినపడలేదు. ఆవిడకు చెవులు బాగానే వినపడతాయి, కొన్ని మాటలే వినపడవు.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. ఆయన లేబుళ్లు చదివే మనిషి. సూపర్ మార్కెట్లో బిస్కెట్ల దగ్గర నిలబడి, ఫోన్ కెమెరాతో చిన్న అక్షరాలు పెద్దవి చేసుకుని, దేంట్లో ఏ జంతువు దాక్కుందో వెతుకుతారు. చీజ్‌లో దూడ కడుపులో నుంచి తీసినదేదో కలుపుతారని ఎక్కడో చదివి ఇంట్లో పిజ్జా రద్దు చేశారు. జెల్లీ వద్దు, ఫలానా చాక్లెట్ వద్దు, ఫలానా కేకు మీద ఎర్ర రంగు పురుగుల్లోంచి తీస్తారట, అదీ వద్దు. పెళ్లయిన కొత్తలో ఇది నాకు గొప్ప నిష్ఠగా కనపడేది. ఇప్పుడు బండి తోసుకుంటూ ముందుకు వెళ్లిపోయి, కూరగాయల దగ్గర కూర్చోడానికి ఎక్కడ చోటుందో చూసుకుంటాను. అలాంటి మనిషికి తల్లి వేసిన ప్రశ్నకు జవాబు ఏ లేబుల్ మీదా దొరకలేదు. ఆయనకు అది అవమానంగా ఉంది.

దారి చూపింది మా స్కూల్ వ్యాన్ డ్రైవరు. కడప వైపు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడతాడు. నేను వ్యాన్‌లో ఎవరికో ఫోన్‌లో ఈ గోడు వెళ్లబోసుకుంటే విన్నాడు.

"మేడం, బర్కా దాటినాక సముద్రం పక్కన ఒక ఊరుంది. ఆడ నాకు తెలిసిన పెద్దామె ఉంది, ఒమానీ. ఇంటికాడ ఆవులుండాయి. పాలు అమ్మదు, పోయి అడిగితే ఇస్తాది. మా తమ్ముడు ఆ ఊర్లోనే కొట్లో పన్జేస్తాడు, నేను వారానికి రెండు తూర్లు పోతాంటా. తెచ్చిస్తాలే."

అత్తగారికి చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి మాట, "చూడ్డానికి ఒప్పుకుంటారా?"

శుక్రవారం పొద్దున అందరం బయలుదేరి వెళ్లాం. బాతినా తీరంలో పాతతరం వాళ్లలో హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పెద్దావిడ కూడా మాట్లాడింది. అత్తగారికి హిందీ రాదు. అత్తగారు తెలుగులో మాట్లాడారు. ఇద్దరికీ దాదాపు ఒకే వయసు, ఒకే రకం మోకాళ్లు. అత్తగారు తప్ప అందరం ఖర్జూరాలు, కాఫీ తీసుకున్నాక ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. ఇంటికీ సముద్రానికీ మధ్య ఈతమట్టల్లాంటి ఖర్జూరపు మట్టలతో కట్టిన పాక. అందులో ఒక పొట్టి ఆవు, దాని దూడ. ఎర్రటి ఒళ్లు, చిన్న మూపురం, కాటుక పెట్టినట్టు కళ్లు. అత్తగారు దగ్గరకు వెళ్లి గంగడోలు నిమిరారు. ఆవు మెడ చాపింది. ఆవిడ దాని మొహంలోకి చాలాసేపు చూశారు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు.

"బుద్ధిమంతురాలే," అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాడి మొదలైంది. డ్రైవర్ వారానికి రెండుసార్లు ఐస్ పెట్టెలో పాలు తెచ్చేవాడు. పెద్దావిడ పాలు డబ్బుకు అమ్మనంది కాబట్టి ఊరికే తీసుకోకూడదు, గిన్నె ఖాళీగా పంపకూడదు అని అత్తగారు సున్నుండలు చుట్టేవారు. ఒకసారి పులిహోర, ఒకసారి చేగోడీలు. అటునుంచి ఖర్జూరాలు, నిమ్మకాయలు వచ్చేవి. పాలు కాచితే మీద కాగితం మందాన మీగడ కట్టేది. అత్తగారు పెరుగన్నం తిన్నారు. మర్నాడు మళ్లీ తిన్నారు. ఇంకో నెలకు గాజులు మణికట్టు దగ్గర ఆగాయి, నా వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ వంకలు విని నేను పక్క గదిలోకి వెళ్లి సంతోషించాను. ఒక కోడలికి ఇంతకన్నా దుస్థితి ఉండదు.

"ఈ పెరుక్కో రుచి ఉందే," అనేవారు. "మన ఊళ్లో కూడా ఇంత కమ్మగా లేదు. ఏదో ఉంది దీంట్లో."

మా ఆయన ఒకరిద్దరు తెలుగువాళ్లకు ఈ పాల గురించి చెప్పారు. ఒకరిద్దరు నలుగురయ్యారు. రసాయనాలు లేవు, పొడి లేదు, ఇంజెక్షన్లు లేవు, పచ్చగడ్డి, సముద్రపు గాలి అని వాళ్లకు ఉపన్యాసం ఇచ్చేవారు. స్వచ్ఛతకు ఆ పొట్టి ఆవు ఇచ్చినంత సాక్ష్యం అంతకుముందు ఏ డబ్బా మీదా ఆయనకు దొరకలేదు. ఆ పాలతోనే రోజూ ఇంట్లో శివుడికి అభిషేకం. ఆవు ఏం తింటుందని మాత్రం మాలో ఎవరూ అడగలేదు. గడ్డి కాక ఏం తింటుంది అని మా ధీమా.

కార్తీకమాసం వచ్చింది. గోవుకు గ్రాసం పెడితే మంచిదని అత్తగారికి మళ్లీ ఆ పెద్దావిడ ఊరు వెళ్లాలనిపించింది. కొత్త బియ్యం నానబెట్టి, బెల్లం కలిపి, ఇత్తడి గిన్నెలో మూతపెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కారు కుదుపులకు కూడా గిన్నె కదలనివ్వలేదు. దిగగానే పాకలోకి వెళ్లి ఆవుకు బొట్టు పెట్టి గిన్నె ముందు పెట్టారు. ఆవు వాసన చూసింది, మర్యాద కోసమన్నట్టు ఒకసారి నాకింది, తల పక్కకు తిప్పుకుంది.

"పొద్దున్నే మేసి ఉంటుంది," అన్నారు మా ఆయన.

ఇంతలో పెద్దావిడ లోపలి నుంచి పెద్ద సత్తు గిన్నె తెచ్చింది. అందులో ఉడికించిన ఖర్జూరం గుజ్జు. మా వెనక గోడవారన ఉన్న బుట్టలోంచి గుప్పెళ్లతో ఏదో తీసి గిన్నెలో వేసి కలిపింది. వెండి ముక్కల్లా మెరుస్తూ, వేలెడేసి ఉన్నాయి. ఆవు మెడతాడు తెంచుకునేటంత ఆత్రంగా మూతి ముంచింది. నమిలేటప్పుడు చిన్న శబ్దం వచ్చింది, అప్పడాలు విరిగినట్టు.

అవి ఎండు చేపలు. ఏ చేపలో నాకు తెలియదు. మా ఇంట్లో చేపలకు పేర్లుండవు, అన్నీ చేపలే. ఒడ్డు మీద ఇసకలో ఎండబోసి ఉండడం మేం మొదటిసారి వచ్చినప్పుడే చూశాం. మనుషుల కోసమనుకున్నాం. వాసన కూడా వచ్చింది. సముద్రం అనుకున్నాం.

మా వెంట వచ్చి కారు దగ్గర నిలబడ్డ డ్రైవర్ను అడిగితే అతను మావైపు వింతగా చూశాడు. "మీకు తెల్దా మేడం? ఈ పక్క సముద్రం దగ్గర చానామంది ఆవులకి అదే పెడతారు. గడ్డి యాడ దొరకతాది ఈ ఎడారిలో? తాతల కాలం నుంచీ అదే గదా."

అత్తగారు గోడకు చేయి ఆనించి నిలబడ్డారు. బెల్లం బియ్యం కోడి ఒకటి వచ్చి తింటోంది. ఆవిడ దాన్ని కూడా అదిలించలేదు. తిరుగు ప్రయాణమంతా సముద్రం వైపున్న కిటికీలోంచి కాక, రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే తలస్నానం చేశారు. దేవుడి గది తలుపు దగ్గర మా ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. ఇన్నాళ్లూ ఆ పాలతో అభిషేకం చేశాం, ప్రాయశ్చిత్తం ఏమైనా ఉందా అని ఆయన బెంగ. శివుడికి అభ్యంతరం ఉన్నట్టు అప్పటికింకా మాకు ఏ సమాచారమూ లేదు.

"రేపట్నుంచి ఆయనకి ప్యాకెట్ పాలు పొయ్యి," అన్నారు అత్తగారు.

"అవి ఏ ఆవువో తెలియదు కదమ్మా?"

"ఆయనకి అన్ని ఆవుల మొహాలూ తెలుసురా. తెలియనిది నాకే."

ఆ మాటతో శివుడి సమస్య తీరిపోయింది. ఆవిడది తీరలేదు. ప్యాకెట్ పాలు మొహం తెలియనివి, పెద్దావిడ పాలు తెలియకూడని సంగతి తెలిసినవి. మళ్లీ చారన్నం దగ్గర చెయ్యి కడుక్కోవడం మొదలైంది. ఫ్రిజ్‌లో మిగిలిన పెరుగు ఎవరు పారబోయాలన్న ప్రశ్న వచ్చింది. పారబోయడం పాపం, ఉంచడం మైల. నేను అన్నంలో కలుపుకుని చల్ల మిరపకాయలతో తినేశాను. చాలా బాగుంది.

మా ఆయన పరిశోధనలో పడ్డారు. ప్యాకెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి, మీ ఆవులు ఏం తింటాయి అని అడిగారు. అవతలి కుర్రాడు శ్రేష్ఠమైన దాణా అన్నాడు. అందులో చేపల పొడి ఉందా అంటే, కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా కనుక్కుంటున్నాడు. కూర్చుని ఆలోచిస్తే మనకు మాత్రం ఏం తెలుసు అనిపించింది నాకు. మా చిన్నప్పుడు టౌన్లో ఆవులు గోడల మీద సినిమా పోస్టర్లు జిగురు కోసం చించుకు తినేవి. ఆ పాలే తాగాం. మాలో ఎవరూ హీరోలు కాలేదు. ఈ మాట ఇంట్లో అంటే ఎవరూ నవ్వలేదు.

రోజులు గడుస్తున్నకొద్దీ నాకు ఒళ్లు మండిపోయేది. మనిషి కళ్ల ముందు కరిగిపోతోంది, కొడుకేమో నిష్ఠ, సంప్రదాయం అని తల్లిని వెనకేసుకొస్తాడు. ఒక సాయంత్రం వంటింట్లో, "అమ్మ పద్ధతి అమ్మది, బలవంతపెట్టకూడదు. ఏదో రూపంలో చేప లోపలికి వెళ్లడం ఆవిడకి ప్రాణం పోయినంత పని" అన్నారు. నా నోరు ఊరుకోలేదు.

"ఊళ్లో మీ పొలంలో ఇప్పుడు పెరిగేదేమిటండీ? తులసి మొక్కలా? రొయ్యల చెరువు కాదూ? ఆ లీజుతోనే కదా ఆవిడ ఆపరేషన్ అయింది. రొయ్యలు మోకాల్లోకి వెళ్లొచ్చు కానీ చేప కడుపులోకి వెళ్లకూడదా?"

గడప అవతల అత్తగారు నిలబడి ఉన్నారు. మంచినీళ్ల కోసం వచ్చారు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అన్న మాట అబద్ధం కాదు, అలాగని నోరు జారిన మాటను వెనక్కి తీసుకోనూ లేం. ఆవిడ లోపలికి వచ్చి, నీళ్లు ముంచుకుని, స్టూలు మీద కూర్చున్నారు.

"అందరికన్నా చివర మనమే తవ్వించామే అమ్మాయ్," అన్నారు. గొంతులో కోపం లేదు. "చుట్టూ చెరువులైపోయాక ఉప్పునీరు మన చేలోకి ఊరింది. మీ మామగారు మూడు పంటలు ఉప్పుకే పోసుకున్నారు. ఆ తరవాత తవ్వించారు. తవ్విన నాడు ఆయనా నేనూ అన్నం తినలేదు. మర్నాడు తిన్నాం. ఏం తిన్నామో నువ్వన్నాకే తెలుస్తోంది."

"నేనలా అనాల్సింది కాదండీ," అన్నాను.

"నిజవేగా," అన్నారు. నీళ్లు తాగి లేచి వెళ్లారు. మర్నాడు కూడా పెరుగు వేసుకోలేదు. నిజం ఒప్పుకోవడం వేరు, మింగుడు పడడం వేరు. మా అత్తగారి గొంతు దగ్గర ఆ రెండింటికీ మధ్య పెద్ద దూరం ఉంది.

మేం పాలు తెప్పించుకోవడం ఎందుకు మానేశామని పెద్దావిడ డ్రైవర్ను అడిగింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాను నేను. ఆవిడ నవ్వలేదు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కూడదని పెట్టాడు, నాకూ ఉన్నాయి కదా అందట. మర్నాడు పొద్దున నేను వ్యాన్ ఎక్కుతుండగానే డ్రైవర్ చెప్పాడు.

"మేడం, మీ అత్తగారి కోసరం పెద్దామె ఆవుకి చేపలు నిలిపేసినాది. ఒట్టి గత్ గడ్డీ ఖర్జూరమే. సమక్ మాఫీ, ఖలాస్ అని చెప్పమనింది. ఇంక భయం ల్యా, తాగమనండి."

గత్ అంటే ఇక్కడ పశువులకు కొని వేసే పచ్చగడ్డి. సమక్ మాఫీ, ఖలాస్ అంటే చేప లేదు, ఆ ముచ్చట ముగిసింది అని. అత్తగారికి చెప్పాను. "నాకోసవా?" అన్నారు. కళ్లు తుడుచుకుని మినుములు వేయించడానికి లేచారు.

ఆ వారం పాలు ఒక సీసాడు వచ్చాయి. మామూలుగా వచ్చేదాంట్లో సగం కూడా లేవు. అత్తగారు తోడుపెట్టుకుని తిన్నారు. రుచి తగ్గిందని ఎవరం అనలేదు. తర్వాత అరసీసా వచ్చింది. ఆ పైన డ్రైవర్ ఉత్త చేతులతో వచ్చి, "ఆవు సరిగ్గా ఇయ్యట్లేదంట" అని, ఇంకేం అడగకముందే వ్యాన్ తలుపులు సరిచూసుకోవడంలో మునిగిపోయాడు. అత్తగారికి అదే మాట చెప్పాను.

"ఆవు కులాసాగా ఉందా?" అని అడిగారు.

"ఉందట."

"ఎవరన్నారు? పద, వెళ్దాం."

మళ్లీ శుక్రవారం. చలికాలపు ఎండ మెత్తగా ఉంది. ఒడ్డున పడవలు వచ్చినట్టున్నాయి, ఇసక మీద చేపలు పరిచి ఎండబెడుతున్నారు. పెద్దావిడ గుమ్మం దగ్గర ఎదురొచ్చి, అత్తగారి చెయ్యి పట్టుకుని, మణికట్టు ఎంత సన్నబడిందో వేళ్లతో కొలిచినట్టు చూసి, నాలుక చప్పరించింది. అత్తగారు ఆవిణ్ణి దాటుకుని నేరుగా పాకలోకి నడిచారు.

ఆవు గడ్డి వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. పచ్చటి గడ్డి మోపు విప్పింది విప్పినట్టే ఉంది. ఖర్జూరం గుజ్జు మీద ఈగలు ముసిరాయి. ఆవు డొక్కలు లోపలికి పోయాయి, పక్కటెముకలు ఒకటొకటీ కనిపిస్తున్నాయి. దూడ పొదుగు కుమ్మి కుమ్మి విసుగొచ్చి పక్కన పడుకుంది. సముద్రం మీంచి గాలి వీచినప్పుడల్లా ఆవు తాడు చివరిదాకా వెళ్లి, మెడ సాగదీసి, ఒడ్డు వైపు తిరిగి అరుస్తోంది. అంబా అన్నట్టు లేదు. అడిగినట్టు ఉంది.

పెద్దావిడ హిందీలో చెప్పింది, నేను అత్తగారికి తెలుగులో చెప్పాను. ఇది పుట్టిన దగ్గర్నుంచీ దీని తల్లి తిన్నదే తింటోంది. గడ్డి ముట్టడం లేదు. ఆకలేస్తే అదే అలవాటు చేసుకుంటుంది, నాలుగు రోజులు ఓపిక పట్టండి, మీ ఆరోగ్యం ముఖ్యం అంటోందండీ అన్నాను. ఆకలి ఏ నియమాన్నయినా లొంగదీస్తుందన్న సిద్ధాంతం నాదే. దాన్ని ఇంకొకరి నోట వింటే అంత బాగా లేదు.

చేపలున్నాయని అత్తగారు తినడం లేదు. చేపలు లేవని ఆవు తినడం లేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ డొక్కలు లోపలికే ఉన్నాయి.

"దాని నోటి కూడు తీసేసి నేను అన్నం తినాలా?" అన్నారు అత్తగారు. ఎవరితో అన్నారో తెలియలేదు. "ఏ శాస్త్రంలో ఉందే ఇది?"

మా ఆయన శాస్త్రం గురించి ఏదో చెప్పబోయారు. నేను కాలు తొక్కాను.

ఆవిడ గోడవారనున్న బుట్ట దగ్గరకు వెళ్లారు. మూత తీయగానే ఆ వాసనకు నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఒక్క చేత్తో బుట్ట మీదకు వంగడం ఆ మోకాళ్లతో కుదరలేదు. చెంగు వదిలేశారు. రెండు చేతులూ బుట్టలో పెట్టి, దోసిలినిండా ఎండు చేపలు తీశారు. ఉల్లిపాయ తగిలిన కత్తిపీటను విడిగా పెట్టే చేతులవి. వాటి సందుల్లోంచి తోకలు బయటికి వచ్చి ఉన్నాయి. రెండు జారి కింద పడ్డాయి. మా ఆయన తీయబోతే వద్దని తలూపి, దోసిలి ఆవు మూతి కిందకు చాపారు.

"తినవే తల్లీ," అన్నారు.

ఆవు తిన్నది. ఆవిడ అరచేతులు నాకి నాకి తిన్నది. ఆవిడ మళ్లీ వంగారు, మళ్లీ తీశారు. ఆవిడ మొహం అసహ్యంతో ముడుచుకుపోయే ఉంది, కన్నీళ్లు బుగ్గల మీంచి కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. పెద్దావిడ బుట్టను జరిపి ఆవిడ చేతికందేలా పెట్టి, పక్కన నిలబడి భుజం పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

గిన్నె ఖర్జూరం కూడా ఖాళీ అయ్యేదాకా మేమెవరం కదల్లేదు. ఆవు దూడను నాకడం మొదలుపెట్టింది. పెద్దావిడ దూడను వదిలి, అది కాస్త కుడిచాక పక్కకు లాగి, పొదుగు తడిపి కూర్చుంది. ముందు చుక్కలు చుక్కలుగా పడ్డాయి, తర్వాత సన్నటి ధార. నురగతో పావు చెంబు అయ్యాయి. ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఆ పూట పితికిన మొదటి పాలు వచ్చిన చుట్టానికే. ఆవిడ గాజు గ్లాసులో పోసి తెచ్చి అత్తగారి ముందు పట్టుకుంది.

ఒమన్ వచ్చిన దగ్గర్నుంచి మా అత్తగారు ఇంకొకరి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. చేతులు కడుక్కోడానికి కుళాయి ఎక్కడుందో చూపించబోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. చేప పొలుసులు అంటుకున్న వేళ్లతోనే గ్లాసు అందుకుని, ఆవు మొహంలోకి చూస్తూ, ఇంకా గోరువెచ్చగా ఉన్న ఆ గుమ్మపాలు ఆగకుండా తాగారు. మూతి మీద నురగ తుడుచుకోకుండానే ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టారు.

"అలా చూస్తావేవిటే," అన్నారు. "ఇంకాస్త పొయ్యమను."